సాక్ష్యం చెప్పాను, లెక్క చెప్పలేదు

పెన్న డెల్టాలోని ఒక పల్లె నుంచి ఒక సహోదరుడు, పేరూ ఊరూ వేయవద్దని కోరుతూ, రూళ్ల కాగితాల మీద ఏడు పేజీల ఉత్తరం రాశారు. ఆయన వయసు నలభై ఎనిమిది. పదకొండేళ్లపాటు ఒక ధాన్యం వ్యాపారి తరఫున కల్లాల దగ్గర కాటా వేశారు. నెల్లూరు జిల్లాలో వడ్లను పుట్టి లెక్కన అమ్ముతారనీ, పుట్టి అంటే 850 కిలోలనీ ఇతర జిల్లాల పాఠకుల కోసం చెబుతున్నాను. ఈయన పుట్టికి దాదాపు నలభై కిలోలు అదనంగా లాగేవారట. ఎలాగో కూడా దాచకుండా రాశారు. ఎలక్ట్రానిక్ కాటా మీద రెండు తడి గోతాలు వేసి, మీట నొక్కి అంకెను సున్నాకు తెచ్చి, రైతు బస్తాలు లెక్కపెట్టుకొనే సందులో ఆ గోతాలను పక్కకు లాగేసేవారు. అది చాలనప్పుడు తేమ అనీ, తాలు అనీ, సంచి బరువు అనీ మరికొంత తరుగు తీసేవారు. ఆ అదనంలో సగం వ్యాపారికి, సగం ఈయనకు.

మూడేళ్ల కిందట ఊరి సంఘంలో జరిగిన ఉజ్జీవ కూటాల్లో ఆయన ఏడ్చి, ప్రభువును అంగీకరించి, బాప్తిస్మం తీసుకున్నారు. కాటా పని మానేసి చిన్న హార్డ్‌వేర్ కొట్టు పెట్టుకున్నారు. ఒక ఆదివారం సంఘం ముందు నిలబడి, తాను డబ్బు కోసం ఎన్నో అన్యాయాలు చేసిన ఘోర పాపినని, అలాంటి తనను ప్రభువు వెదకి రక్షించాడని సాక్ష్యం చెప్పారు. ఆరాధన ముగిశాక, స్త్రీల వైపు చాప మీద నుంచి లేచి వచ్చిన ఒక పెద్దావిడ ఈయన తల మీద చెయ్యి వేసి, "దేవుడు నిన్ను మార్చాడు అబ్బాయా, నాకు శానా సంతోషంగా ఉంది" అన్నారు. ఆవిడ భర్త పోయిన మనిషి. రెండెకరాలు కూలీలను పెట్టి సేద్యం చేయించుకొనేవారు. వరుసగా నాలుగు పంటలు ఆవిడ వడ్లు తూచింది ఈయనే. నాలుగోది ఎడగారు పంట, అంటే రెండో కారు. ఆ ఏడే ఆవిడ కమ్మలు కుదువ పెట్టారు. కొడుకు ఇంటర్ మధ్యలో ఆపేసి రొయ్యల గుంటల మీద కాపలాకు వెళ్లాడు.

"ఆ చెయ్యి ఇంకా నా తల మీదే ఉన్నట్టుంది" అని రాశారు ఈ సహోదరుడు. పాస్టరుగారితో చెప్పుకుంటే, పాతవి గతించాయని, ప్రభువు రక్తం కడిగేసినదాన్ని మళ్లీ తవ్వవద్దని ఆయన అన్నారట. భార్యతో అంటే, కూతురికి కావలి వైపు నుంచి వచ్చిన సంబంధం మాటల్లో ఉందని, నోరు విప్పితే పిల్ల బతుకు పాడవుతుందని ఏడ్చారట. ఇంతలో ఆయనను సంఘ పెద్దగా నియమించాలని చూస్తున్నారు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకొనేటప్పుడు చెయ్యి వణుకుతోంది. మందిరానికి కొత్త రేకులు వేసినప్పుడు ఇరవై వేలు కానుక ఇచ్చినా మనసు కుదుటపడలేదు. ఉత్తరం చివర ఆయన అడిగింది ఇది: "నేను నిజంగా మారుమనస్సు పొందానా, లేక ఊరికే ఏడ్చానా?"

ప్రియ సహోదరా,

ఊరికే ఏడ్చిన మనిషికి మూడేళ్ల తర్వాత చెయ్యి వణకదు. కాబట్టి మీలో ఏదో నిజంగానే మొదలైందని నేను నమ్ముతున్నాను. అయితే అది మొదలైన చోటే ఆగిపోయిందని కూడా మీ ఉత్తరమే చెబుతోంది. ఎందుకు ఆగిందో చూద్దాం.

మనం పశ్చాత్తాపం, మారుమనస్సు అనే రెండు మాటలను ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం. పశ్చాత్తాపం అంటే మాటను బట్టి చూస్తే, పని అయిపోయాక వెనుక నుంచి వచ్చే తాపం. మారుమనస్సు అంటే మనసు వేరే దిక్కుకు తిరగడం. మన తెలుగు బైబిలులో మత్తయి 27వ అధ్యాయం తీసి చూడండి. యేసును అప్పగించిన యూదా "పశ్చాత్తాపపడి" అని ఉంటుంది. గ్రీకు మూలంలో కూడా అక్కడ వాడిన క్రియ, మారుమనస్సుకు సాధారణంగా వాడే మాట కాదు. యూదా చేసినవి ఒక్కొక్కటి గమనిస్తే మనకు ఒళ్లు జలదరించాలి. అతడు దుఃఖపడ్డాడు. నిరపరాధిని అప్పగించి పాపం చేశానని నోటితో ఒప్పుకున్నాడు. ముప్పై వెండి నాణేలు తిరిగి తెచ్చి దేవాలయంలో పారేశాడు. దుఃఖం, ఒప్పుకోలు, సొమ్ము తిరిగి ఇవ్వడం, మూడూ ఉన్నాయి. అతడు వెళ్లనిది ఒక్క చోటికే, తాను ఎవరికి ద్రోహం చేశాడో ఆయన దగ్గరకు. పేతురు కూడా అదే రాత్రి ఎరగనని బొంకి వెక్కి వెక్కి ఏడ్చాడు, కాని ఆ తర్వాత గలిలయ సముద్రం ఒడ్డున ప్రభువు కనబడినప్పుడు నీళ్లలోకి దూకి ఆయన దగ్గరకు వెళ్లాడు.

మిమ్మల్ని యూదాతో పోల్చుతున్నానని బాధపడవద్దు. మీరు ఇచ్చిన ఇరవై వేలు మనసును ఎందుకు కుదుటపరచలేదో చెప్పడానికే ఇదంతా. ఆ డబ్బు ఎవరి వడ్లలో నుంచి వచ్చిందో వాళ్లకు చేరకుండా మందిరం రేకులకు చేరింది. తల్లిదండ్రులకు చెందవలసినదాన్ని కొర్బాను అని దేవుని పేర రాసేసిన వాళ్లను ప్రభువు మార్కు 7లో ఎంత కఠినంగా గద్దించాడో మీకు తెలుసు. అప్పు ఒకచోట ఉంటే చెల్లింపు మరొకచోట జరిగింది, అందుకే రసీదు దొరకలేదు.

ఇక మీ సాక్ష్యం సంగతి. "ఎన్నో అన్యాయాలు చేశాను" అనే మాటలో ఎవరి పేరూ లేదు, ఎన్ని కిలోలో లేదు, ఏ కల్లమో లేదు. అంత పెద్ద మాట చాటున ఒక్కొక్క చిన్న నిజం హాయిగా దాక్కోగలదు. మన సంఘాల్లో డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక ఒకరి చేతులు ఒకరు పట్టుకొని, "తెలిసో తెలియకో ఏమైనా బాధపెట్టి ఉంటే క్షమించండి" అనుకుంటాం కదా. నేనూ చాలా ఏళ్లు మా తమ్ముడికి ఫోను చేసి అదే మాట అనేవాణ్ని. మా నాన్న ఇల్లు పంచుకున్నప్పుడు వీధి వైపు వాటా నాకు వచ్చేలా పెద్దమనుషులతో ముందే మాట్లాడి పెట్టుకున్న మనిషిని నేను. వాడు ప్రతి ఏడూ "అయ్యో, అదేం మాట అన్నా" అనేవాడు. ఒక ఏడు మాత్రం, "ఏ విషయంలో అన్నా?" అని అడిగాడు. నేను ఫోను సరిగా వినపడటం లేదని పెట్టేశాను. "ఉంటే" అన్న ఆ ఒక్క మాటతో మనం క్షమాపణ అడిగినట్టూ ఉంటుంది, తప్పు ఒప్పుకోనట్టూ ఉంటుంది.

ఒంగోలు చరిత్ర నుంచి ఒక సంగతి గుర్తు చేస్తాను. 1876–78 నాటి పెద్ద కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి పని, కూలి ఇప్పించారు. జనం బాప్తిస్మం ఇమ్మని అడుగుతున్నా, కరువు సహాయం నడిచినంత కాలం ఆయన ఇవ్వలేదు. సహాయం ఆగిపోయాక కూడా వాళ్లు వస్తారో లేదో చూడాలని ఆగారు. వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను మనం సభల్లో గర్వంగా చెప్పుకుంటాం కాని, దాని వెనుక ఉన్న ఆ ఆగడం గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. లాభం ఉన్న చోట మనసు మారిందో లేదో మనిషికి తనకే తెలియదు. మీ సాక్ష్యం వల్ల మీకు మర్యాద వచ్చింది, ఆశీర్వాదం వచ్చింది, ఇప్పుడు పెద్దరికం కూడా వస్తోంది. లాభం ఏమీ రాని చోట, బహుశా నష్టమే వచ్చే చోట, మీరు ఇంకా నిలబడి చూసుకోలేదు. మీ వణుకుకు అసలు కారణం ఇదేనని నాకు తోస్తోంది.

మీ పాస్టరుగారు చెప్పిన వాక్యం సత్యమైనదే. క్రీస్తునందున్నవాడు నూతన సృష్టి. మీరు ఎన్ని పుట్లు తిరిగి ఇచ్చినా దేవుని క్షమాపణను కొనలేరు, ఇవ్వలేకపోయినా ఆయన దాన్ని వెనక్కి తీసుకోడు. ఈ విషయంలో పాస్టరుగారితో నాకు పేచీ లేదు. కాని ఆ వాక్యం రాసిన పౌలే ఫిలేమోనుకు కూడా ఒక చిన్న ఉత్తరం రాశాడు. ఫిలేమోను దాసుడైన ఒనేసిము మారాడు, కొత్త మనిషి అయ్యాడు, పౌలుకు కొడుకుతో సమానమయ్యాడు. అయినా పౌలు అతణ్ని తిరిగి పంపుతూ, పాతవి గతించాయి గనుక ఆ లెక్క మరిచిపొమ్మని రాయలేదు. నీకు ఏమైనా నష్టం చేసి ఉంటే, ఋణపడి ఉంటే, "అది నా లెక్కలో చేర్చుము" అని, తానే తీరుస్తానని స్వహస్తంతో రాశాడు. దేవుడు పాపాన్ని కొట్టివేసినా తోటివాడి పద్దు పద్దుగానే ఉంటుందని పౌలుకు తెలుసు. మీ పాస్టరుగారికి ఈ పెద్దావిడ సంగతి, కిలోలతో సహా, పూర్తిగా చెప్పారా? మీ ఉత్తరం చదివితే ఆయనతో కూడా "పాత జీవితం గుర్తొస్తోంది" అన్నట్టుగానే మాట్లాడారేమో అనిపించింది. అలా అయితే ఆయన తాను విన్నదానికి తగిన జవాబే ఇచ్చారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఏమీ చెప్పకుండా ఉండిపోవడం మొదటిది. సంబంధం కుదురుతుంది, కొట్టు నడుస్తుంది, ఊళ్లో పేరు నిలుస్తుంది. ఆ పెద్దావిడ ప్రతి ఆదివారం మిమ్మల్ని చూసి నవ్వుతూనే ఉంటారు, మీరు ఆ నవ్వును తీసుకుంటూనే ఉండాలి. "నేను మౌనినై యుండగా" తన ఎముకలు క్షీణించాయని దావీదు 32వ కీర్తనలో రాసుకున్నాడు. అలా ఇంకో ఇరవై ఏళ్లు బతకగలరేమో మీరే తేల్చుకోవాలి.

పేరు చెప్పకుండా డబ్బు చేర్చడం రెండోది. దీన్ని నేను తేలికగా కొట్టిపారేయను. ఆవిడకు డబ్బు అవసరం నిజమైనది, అది తీరుతుంది. కాని గడప దగ్గర కవరు కనబడితే ఒంటరి ఆడమనిషి మొదట భయపడుతుంది, తర్వాత ఎవరినో అనుమానిస్తుంది, చివరకు దేవుడే పంపాడని ప్రార్థన కూటంలో సాక్ష్యం చెప్పినా చెబుతుంది. ఆ కూటంలో మీరూ కూర్చొని "ఆమేన్" అనవలసి వస్తుంది. అలా ఆవిడకు డబ్బు అందుతుంది కాని నిజం అందదు. తన లెక్క ఎందుకు తగ్గిందో, తాను పొదుపు చేతకాని మనిషినేమోనని ఇన్నేళ్లూ ఆవిడ తనను తానే నిందించుకొని ఉండవచ్చు. ఆ బరువు దించగలిగింది మీరొక్కరే.

సంఘం ముందు మళ్లీ నిలబడి అంతా విప్పి చెప్పడం మూడోది. మీ మనసు ఇటే లాగుతోందని మీ ఉత్తరంలో రెండు మూడు చోట్ల అర్థమైంది. తొందరపడవద్దని నా సలహా. వందమంది చూస్తుండగా మీరు ఏడుస్తూ క్షమాపణ అడిగితే ఆవిడ క్షమించక ఏం చేస్తారు? కోపం తెచ్చుకొనే హక్కు ఆవిడకు ఉంది, దాన్ని సభ మధ్యలో లాగేసుకున్నట్టవుతుంది. పైగా మీ మాటల్లో ఆ వ్యాపారి కూడా వస్తాడు, అది వేరే గొడవ. బలిపీఠం దగ్గర సహోదరుడు గుర్తొస్తే అర్పణ అక్కడే పెట్టి "మొదట" వెళ్లి అతనితో సమాధానపడమని ప్రభువు మత్తయి 5లో అన్నాడు. సభ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఆవిడ ఇంటికి వెళ్లి, ఆవిడకు మాత్రమే, లెక్కతో సహా చెప్పడం నాలుగోది. నా మొగ్గు ఇటు. అయితే దీని ఫలితం మీ చేతుల్లో ఉండదని తెలిసే వెళ్లాలి. ఆవిడ కేకలు వేయవచ్చు. డబ్బు తీసుకోనని తలుపు వేసుకోవచ్చు. కొడుకు చెయ్యి చేసుకోవచ్చు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోవచ్చు. లేదా వెంటనే "పోనీలే అబ్బాయా" అనేయవచ్చు, అప్పుడు కూడా మీరు డబ్బు జేబులో పెట్టుకొని తేలికపడి వెనక్కి రాకూడదు. చట్టపరంగా ఏమవుతుందోనన్న భయం ఉంటే ముందే తెలిసిన వకీలును అడిగి తెలుసుకోండి, అందులో తప్పేమీ లేదు.

లెక్క ఎంత అన్నది మీరు అడగలేదు గాని నేను వేసి చూశాను. రెండెకరాలకు ఆరు పుట్లు అని మీరే రాశారు. పుట్టికి నలభై చొప్పున పంటకు 240 కిలోలు, నాలుగు పంటలకు 960 కిలోలు. ఒక పుట్టి నిండి ఇంకా 110 కిలోలు మిగులుతుంది. లూకా 19లో, పన్నులు వసూలు చేసే సుంకరి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. అది అతని సంతోషం పొంగిన కొలత, దాన్ని అందరికీ చట్టంగా పెట్టే ధైర్యం నాకు లేదు. సంఖ్యాకాండము 5వ అధ్యాయం అసలుకు అయిదో వంతు కలిపి ఇమ్మంటుంది. అలా అయితే 1,152 కిలోలు. అప్పటి ధర కట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం, ఆవిడకు అప్పుడు అందలేదు గనుక. 2025–26కు సాధారణ రకం వడ్లకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ లెక్కన సుమారు 27,300 రూపాయలు అవుతుంది. పిల్లలు వీధిన పడతారని మీరు మూడేళ్లుగా భయపడుతున్న మొత్తం ఇదీ. మందిరానికి ఇచ్చినదానికి ఇంకో ఏడు వేల మూడు వందలు కలిపితే సరిపోయేది. సగం వ్యాపారికి పోయింది కదా అంటారేమో. కాటా దగ్గర నిలబడింది మీరు, ఆవిడకు మొత్తం మీరే ఇవ్వండి.

కొడుకు చదువు ఆగిపోవడానికి తానే కారణమని మీరు రెండు పేజీలు రాశారు. అంత భారం నెత్తిన వేసుకోకండి. ఎరువుల ధర, వడ్డీ, కూలి, ఎన్నో కలిస్తే ఒక చదువు ఆగిపోతుంది. మీ వంతు 960 కిలోలు. చేసినదానికంటే ఎక్కువ నేరం మోయడం వినయంలా కనిపిస్తుంది గాని, తీర్చలేనంత పెద్దదిగా చేసుకుంటే తీర్చనక్కరలేదన్న సాకు కూడా దొరుకుతుంది.

మిగతా రైతుల సంగతి కష్టమైనది. మీ దగ్గర చిట్టా పుస్తకాలు రెండేళ్లవి మాత్రమే ఉన్నాయన్నారు. ఉన్నంతవరకు పేర్లు రాసుకొని, ఏడాదికి ఇద్దరికో ముగ్గురికో తీర్చుకుంటూ వెళ్లవచ్చు. కొందరు చనిపోయి ఉంటారు, కొందరు ఊరు విడిచి ఉంటారు. అందరినీ తీర్చలేకపోవచ్చు. కాని డబ్బు లేకుండా చేయగలిగింది ఒకటుంది, మీరు దాన్ని గమనించినట్టు లేదు. మీ స్థానంలో ఇప్పుడు ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు అదే కాటా వేస్తున్నాడని ఒక వాక్యంలో రాసి దాటేశారు. ఆ గోతాల కిటుకు మీకు తెలుసు, రైతులకు తెలియదు. ప్రతి బస్తాకు ముందు కాటా ఖాళీగా ఉందా, సున్నా చూపుతోందా అని చూసుకోమని, తెలిసిన బరువు ఒకటి పెట్టి తనిఖీ చేసుకోమని, అనుమానం వస్తే తూనికలు కొలతల శాఖకు చెప్పమని మీరు కోతలకు ముందే నలుగురు రైతులకు నేర్పవచ్చు. మేమేం చేయాలని అడిగిన సుంకరులతో బాప్తిస్మమిచ్చు యోహాను, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. అతడు వాళ్లను ఏడవమనలేదు, కొలత సరిచేసుకోమన్నాడు. ఆ వ్యాపారి దీనికి సంతోషించడు, మీకు శత్రువవుతాడు. అది కూడా లెక్కలో వేసుకొనే దిగండి.

మీ ఇంటావిడ భయాన్ని పిరికితనం అనకండి. మాట బయటికి వస్తే సంబంధం చెడవచ్చు, ఆ నష్టం ఏ పాపం ఎరుగని మీ అమ్మాయిది. అందుకని ఆవిడకు తెలియకుండా వెళ్లవద్దు. ఈ 27,300 లెక్క కాగితం ఆవిడ ముందు పెట్టి మాట్లాడండి. పెళ్లి అయ్యేదాకా ఆగుదామని ఆవిడ అంటే, నేను మిమ్మల్ని తప్పుపట్టలేను, కాని తేదీ పెట్టుకొని ఆగండి. తేదీ లేని వాయిదా ఎలా ముగుస్తుందో మా తమ్ముడి విషయంలో నాకు తెలుసు. ఇంకో మాట కూడా ఆలోచించండి. పెళ్లయ్యాక మూడో మనిషి నోటి నుంచి తెలిస్తే ఆ కావలి వాళ్లు మీ అమ్మాయినే అడుగుతారు.

పెద్దరికం మాత్రం ఇప్పుడు ఒప్పుకోవద్దు. కారణం అందరికీ చెప్పనక్కరలేదు. ఒక పని మిగిలి ఉందని, అది అయ్యాక మాట్లాడదామని పాస్టరుగారితో అంటే చాలు. బల్ల విషయంలో, అయోగ్యంగా తినకూడదన్న మాటకు మీరు భయపడుతున్న 1 కొరింథీయులు 11లోనే, తన్ను తాను పరీక్షించుకొని "ఆ రొట్టెను తిని" అని ఉంది. పరీక్షించుకొని మానుకోమని లేదు. తినండి, తిని వెళ్లండి.

వెళ్లేటప్పుడు పగటి పూట వెళ్లండి. కొడుకు గుంటల మీద నుంచి ఇంటికి వచ్చే రోజు చూసుకోండి. నేల మీదే కూర్చోండి. "ఏమైనా చేసి ఉంటే" అని మొదలుపెట్టకండి. "పెద్దమ్మా, నాలుగు పంటలు నీ వడ్లు నేను తక్కువ తూచాను, మొత్తం 960 కిలోలు, ఇదిగో లెక్క" అని చెప్పి ఆగండి. దేవుడు నన్ను మార్చాడు అన్న మాట ఆ రోజుకు వద్దు, ఆవిడ ఒకసారి అనేశారు గదా. ఆవిడ మాట్లాడేటప్పుడు మధ్యలో అందుకోకండి, ఎంతసేపైనా సరే. ఆవిడకు అక్షరాలు రావని రాశారు గనుక చిట్టాలో ఆ పేజీలు కొడుకు చేతికే ఇచ్చి, అతణ్నే పైకి చదవమనండి.